పన్నెండో ఫొటో

"ఒరేయ్, ఒక్క పేరు తప్పు చదివావంటే రెండు దేశాలకీ యుద్ధం వస్తుందేమోరా!" అన్నాను.

"అమ్మా, ఇది ఫుట్‌బాల్ మ్యాచ్. నేను చదివేది ఆటగాళ్ళ పేర్లు," అని విసుక్కున్నాడు మావాడు. స్టేడియంలో అనౌన్సర్ వాడే.

గొంతు పోతుందేమోనని వేడినీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని స్టేడియంలో వాడి మైకు గదిదాకా వెంటపడి వచ్చాను. బయట వాన. వాడి చేతులు తడి తడి.

"స్విచ్చు ముట్టుకున్నావో, నా మీద ఒట్టే! షాక్ కొడుతుంది," అని, చెక్క స్కేలుతో మైకు నేనే ఆన్ చేశాను.

పక్క కుర్చీలో ఒక అమ్మాయి, స్టేడియంలో పెద్ద తెర మీద ఆటగాళ్ళ ఫొటోలు వేసేది. ఆమె ఫొటో వెయ్యాలి, అప్పుడు వీడు పేరు చదవాలి. అదీ రూలు.

"తొందరగా వెయ్యండి మేడమ్, రెఫరీకి గడ్డం నెరిసిపోతోంది," అన్నాడు వీడు.

"మెల్లగా అరవండి సార్, గోల్‌కీపర్ దడుచుకుంటున్నాడు. ఆంటీ, ఇంట్లో కూడా ఇంతేనా?"

కొట్టుకుంటారేమోనని నా భయం. కానీ వీడికి ఆ పిల్లంటే ప్రాణం. రేపట్నుంచి ఆమె ఉద్యోగం వేరే ఊళ్ళో. అందుకే పొద్దుట్నుంచీ వీడు మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

అవతలి జట్టు పదకొండుమంది పేర్లూ చదవడం అయిపోయింది. మావాడు హఠాత్తుగా ఆమె వైపు తిరిగాడు.

"మీరు నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"...చేసుకుంటారా... టారా..." అంది స్టేడియమంతా.

మైకు! ఒట్టు వేశానని వాడు ఆపనేలేదు!

ఉద్యోగం పోయింది, పరువు పోయింది, అవతలి దేశంవాళ్ళు కేసు కూడా పెడతారు!

ఆ పిల్ల ముఖం ఎర్రగా చేసుకుని మన జట్టు గోల్‌కీపర్ ఫొటో వేసింది. మావాడు పేరు చదివాడు. ఒక్కో పేరుకీ జనం "ఆమె ఏమంది?" అని అరుపు. పదకొండుమందీ అయిపోయారు.

అప్పుడు తెర మీద ఇంకో ఫొటో పడింది. సగం కళ్ళు మూసుకున్న మావాడి ఐడి కార్డు ఫొటో! అయ్యో, ఊరందరి ముందూ పరువు తీస్తోంది అనుకున్నాను.

"చదవండి సార్," అంది, తలెత్తకుండా.

"సబ్... సబ్‌స్టిట్యూట్‌గానా?" వాడికి మాట పెగల్లేదు.

స్టేడియం ఊపిరి బిగబట్టింది. వాన చప్పుడు ఒక్కటే.

చివరికి ఆ పిల్ల మైకు మీదికి వంగింది.

"అత్తయ్యా, ఆ ఫ్లాస్కు ఇలా ఇవ్వండి. మీ అబ్బాయి గొంతు పోయింది."