అవ్వను దాటిన పళ్లెం

సోమవారం పొద్దున్నే నర్సక్క సద్ది మూట కట్టుకుని, ఎర్రయ్య పసుపు చేనులో కలుపు తీయడానికి కూలికి బయల్దేరింది. కొడుకు దేవదాస్ వాకిట్లోనే కూర్చుని ఉన్నాడు. అతను కోరుట్ల డిపోలో కండక్టరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. రెండు వారాలుగా బస్సులు కదలక అతనూ ఇంటిపట్టునే ఉంటున్నాడు.

“పోయొస్త కొడుకా” అంది నర్సక్క, రోజూ అన్నట్టే.

దేవదాస్ తలెత్తలేదు. ఎత్తడానికి ముఖం ఉంటే కదా!

అత్త మలుపు తిరిగేదాకా ఆగి, దేవదాస్ భార్య మానస చేతిలోని చీపురు కింద పడేసింది.

“నిన్న చర్చిల ప్రభు బల్ల కాడ అత్తమ్మ చెయ్యి చాపితే, రొట్టె పళ్లెం ఆమెను దాటించి పక్కామెకు ఇచ్చినవ్. సంఘపెద్దవైతే కన్నతల్లి కానరాదా?”

“మెల్లగ మాట్లాడు. నాకు మాత్రం సంబురమా? పసుపు చేన్ల వంగి భూమికి మొక్కుతుంటే నా కండ్లతోని చూసిన. దేవున్ని ఇడిసి గట్ల మొక్కినోళ్లకు ప్రభు రొట్టె ఎట్లిస్త?”

“భూమికే మొక్కిందని నీకెవలు చెప్పిండ్రు? అడిగినవా?”

అడగలేదు. అతన్ని చర్చి సంఘపెద్దగా ఎన్నుకుని మూడు నెలలే అయింది. తప్పు చేస్తే సొంత తల్లినైనా వదలడని నలుగురూ అనుకోవాలన్న ఆశ లోపలెక్కడో ఉంది. ఇప్పుడదే ముల్లులా గుచ్చుతోంది. చాపిన చేతిని అవ్వ మెల్లగా కొంగులోకి లాక్కోవడం నిన్నటి నుంచీ కళ్ల ముందు నుంచి పోవడం లేదు. చెప్పులేసుకుని చేనువైపు నడిచాడు.

మిగతా కూలివాళ్లు ఇంకా రాలేదు. వానకు తడిసిన పసుపు ఆకులు ఎండకు మెరుస్తున్నాయి. నర్సక్క గట్టు పక్కన మోకాళ్ల మీద ఉంది. అరచేయి తడి మట్టికి ఆనించి, పక్కనున్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడుతోంది.

“మంచి వాన ఇచ్చినవ్ తండ్రీ. గీ మట్టి మీద చెయ్యి పెడితే నువ్వు దగ్గర్నే ఉన్నట్టు అనిపిస్తది. మా దేవదాసుది తప్పు పట్టకు. నీ మీద ప్రేమతోనే చేసిండు. వానికి తెల్వదు.”

దేవదాస్ వచ్చి గట్టు మీదే కూలబడ్డాడు.

“అవ్వా! గీ ముచ్చట నిన్న చర్చిల ఎందుకు చెప్పలే?”

ఉలిక్కిపడి చూసింది నర్సక్క. “అందరి ముందట చెప్తే నువ్వు చిన్నగైతవు గద కొడుకా.”

అతను తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

“ప్రేమతోని కాదవ్వా, పేరు కోసం చేసిన. వచ్చే ఆదివారం అందరి ముందట నిలబడి చెప్త.”

“చెప్దువు. ముందుగాల ఆయనకు చెప్పు.”

“గీడనా?”

“గీడ లేడా?”

దేవదాస్ ఆమె పక్కనే మోకరించి మట్టి మీద చేయి పెట్టాడు. చర్చిలో అరగంట ఆపకుండా ప్రార్థన చేసే మనిషికి ఒక్క మాట రాలేదు. ఏడుపు వచ్చింది. ఆపుకోబోయాడు.

“ఆపుకోకు, ఏడువు” అంటూ నర్సక్క మట్టి చేత్తోనే అతని వీపు నిమిరింది. “ఆయన ఇంటున్నడు.”