అరవై నాలుగు పేజీల్లో మూడో గీత

శనివారం పదకొండు గంటలకి ఆలప్పుళలో గొడుగుల కొట్టు పైనున్న చిన్న గదిలోకి బిన్సీ తడి చెప్పులతోనే వచ్చేసింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నాలుగింటికి ఎస్సై వస్తాడు చేచ్చీ. వరీద్ మాష్ నా పేరు చెప్పేస్తారు. చెప్పక ఏం చేస్తారు, అక్కడ నా పేరే ఉందిగా!"

అన్నకుట్టి వర్కి ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి, ఊరందరి గొంతులూ విని, రిటైరయ్యాక ఆ చెవుల మీద నమ్మకంతోనే డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి; చిన్నా పెద్దా అందరికీ చేచ్చి, అంటే అక్క. పక్క బల్ల దగ్గర కూర్చున్న మురళీధర కురుప్ సర్వే ఆఫీసులో పటాలు గీసి రిటైరైనవాడు. ఆవిడంటే ఆయనకి భక్తి, కేసంటే భయం.

"ముందు కూర్చో మోళే," అంది అన్నకుట్టి, కూతురితో అన్నట్టు. "ఎక్కడ ఉంది నీ పేరు?"

బిన్సీ చెప్పింది. చెన్నాట్టుకరలో అరవై నాలుగు రేవులున్నాయి. పెద్ద వరదల తర్వాత ఊరి హెడ్మాస్టరు వరీద్ మాష్ లైబ్రరీలో కూర్చుని ఒక వికీ, అంటే ఊళ్లో ఎవరైనా దిద్దగల వెబ్‌సైటు, మొదలుపెట్టారు. దాన్ని చూసుకునే ఉద్యోగం బిన్సీది. ప్రతి రేవుకీ ఒక పేజీ. బోట్ల వేళలు, పడవలున్న ఇళ్లు, నడవలేని ముసలివాళ్ల పేర్లు అన్నీ అందులో ఉంటాయి. పైన ఎర్ర పెట్టెలో ఒక హెచ్చరిక: రేవు రాతి మీద రెండో గీత మునిగితే ఇల్లు వదలండి.

"ఆ పెట్టెని అరవై నాలుగుసార్లు రాయలేదు. ఒక మూస తయారుచేశాను. పేజీల్లో మూస పేరు మాత్రం ఉంటుంది."

"మైకు ఒకచోట, లౌడ్‌స్పీకర్లు అరవై నాలుగు చోట్ల. అంతేగా?"

"అంతే చేచ్చీ. మంగళవారం రెండూ ఇరవైకి ఎవరో ఆ మూసలో రెండో గీతని మూడో గీత చేశారు. గురువారం తెల్లవారేసరికి నీళ్లొచ్చాయి. అందరూ ఫోన్లో పేజీ చూసుకుని, ఇంకా టైముందిలే అని కూర్చున్నారు." ఆమె అప్పుడు కుర్చీలో కూలబడింది. "చాలామంది ఎలాగో పడవలెక్కేశారు. కావాలక్కల్ రేవులో తంకమణి చేచ్చి మీద గోడ పడింది. ఇంకా తెలివి రాలేదు. మార్పుల చిట్టాలో నా పేరే ఉంది. ఆవిడకేమైనా అయితే చంపింది నేనే కదా!"

"నువ్వు మార్చావా?"

"లేదు! లైబ్రరీ కంప్యూటర్‌లో నా పేరుతో తెరిచి, అలాగే వదిలేసి అమ్మ మందులు అందుకోవడానికి బోటు దగ్గరికి వెళ్లాను. అరగంటలో వచ్చేశాను."

"ఆ అరగంటా లోపల ఎవరున్నారు?"

"మాష్. లైబ్రేరియన్ ఓమన చేచ్చి. పేపరు చదవడానికి వచ్చిన భార్గవన్ చేట్టన్, మా అందరికీ అన్నలాంటివాడు. ఆయన పళ్లిత్తర రేవు వరిపొలాల కమిటీ సెక్రటరీ."

అన్నకుట్టి గోడ గడియారం వైపు చూసి గొడుగు తీసింది. కురుప్ తన నోటు పుస్తకం, కొలత టేపు జేబులో వేసుకున్నాడు. ఐదు గంటల్లో అసలు మనిషిని ఎలా పట్టుకుంటారో ఆయనకి ఊహకే అందలేదు.

చెన్నాట్టుకర లైబ్రరీలో ఇంకా బురద వాసన పోలేదు. వరీద్ మాష్ మనిషి సగమైపోయాడు.

"ఆ మూసకి తాళం వెయ్యలేదేం మాషే?" అన్నకుట్టి మొదటి ప్రశ్నే అది.

"అందరిదీ అన్న వికీలో తాళాలేమిటని అనుకున్నాను. బిన్సీ వేద్దామంది. నేనే వద్దన్నాను." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మూడో గీత అంటే ఎంత ప్రమాదమో నాకు తెలియదా? ఆ గీతలు గీయించింది నేనే."

ఓమన చేతులు కట్టుకుని నిలబడింది. "మా మేనకోడలికి రావలసిన ఉద్యోగం బిన్సీకి వచ్చింది, నిజమే. దానికోసం ఊరు ముంచుతానా? నేను ఆ అరగంటా పుస్తకాలు సర్దుతున్నాను. అటు చూడనేలేదు."

"భార్గవన్?"

"పాపం, ఆయన జోలికి పోకండి. ఆస్పత్రిలో ఉన్నది ఆయన సొంత చెల్లెలు. మూడు రోజులుగా ముద్ద ముట్టలేదు. ఎప్పటిలాగే ఒక కాగితం ప్రింటు తీసుకుని వెళ్లాడంతే. రేవు బోర్డుల మీద అంటించడానికి అందరూ తీసుకుంటారు."

భార్గవన్ వరండాలో ఫోను గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాడు. పెద్ద మనిషి, గెడ్డం మాసిపోయింది. కోతకి పది రోజులుందని, నీళ్లు పొలంలోకి రాకుండా వారమంతా మనుషుల్ని పెట్టి గట్టు కాయించానని ముక్తసరిగా చెప్పాడు. మధ్యలో ఫోను మోగితే ఉలిక్కిపడి లేచాడు. అది ఆస్పత్రి నుంచి కాదు.

"ఒక్కటి అడగనా చేచ్చీ? నాకు ఈ కంప్యూటర్ల సంగతి అంతగా తెలియదు," అన్నాడు కూర్చుంటూ. "ఒక పేజీ మారిస్తే అన్నీ ఎలా మారిపోతాయి?"

"బిన్సీని అడిగి చెప్తాను," అంది అన్నకుట్టి నెమ్మదిగా. తర్వాత కురుప్ వైపు తిరిగింది. "సారూ, పడవ తీసుకుని నాలుగు రేవుల బోర్డులు చూసి రండి. పళ్లిత్తర కూడా."

కురుప్‌కి ఒళ్లు మండింది. పీక మీదికి వస్తుంటే బోర్డులేమిటి! అయినా వెళ్లాడు. ఆవిడ చెప్పిన పని చెయ్యకుండా ఆయన ఎప్పుడూ ఉండలేదు.

తిరిగొచ్చేసరికి రెండున్నర. పుస్తకం తెరిచి చదివాడు. "మూడు రేవుల్లో కాగితాలు బురద పట్టి మెత్తగా అయిపోయాయి. అన్నిటిలోనూ రెండో గీతే ఉంది, పాత ప్రింట్లు. పళ్లిత్తర ఒక్కటే ముచ్చటగా ఉంది చేచ్చీ. తెల్లగా, నీటుగా. దాంట్లోనూ రెండో గీతే. భార్గవన్ మంచి పనిమంతుడు."

"అక్కడ నీళ్ల మరక ఎంత ఎత్తున ఉంది?"

కురుప్ పుస్తకం చూశాడు. "బోర్డుకి మూరెడు పైన."

చెప్పి ఆగిపోయాడు. ఆయన నోరు అలాగే తెరుచుకుంది.

"మళ్లీ వెళ్లండి సారూ. ఆ బోర్డు మేకులతో సహా ఊడబీకి తీసుకురండి."

నాలుగుకి పది నిమిషాలుందనగా అందరూ చదువుకునే గదిలో చేరారు. బోర్డుని గుడ్డ కప్పి మూలన నిలబెట్టారు. బిన్సీ తలుపు దగ్గరే నిలబడింది, ఏ బోటు చప్పుడు విన్నా కిటికీ వైపు చూస్తోంది.

"మోళే," అంది అన్నకుట్టి, "ఆ ఎర్ర పెట్టె మూల 'మార్చు' అని చిన్న మాట ఉంది. ఎవరు పెట్టారు?"

"నేనే. తప్పు కనిపిస్తే ఎవరైనా సులువుగా దిద్దుతారని."

"దాన్ని నొక్కితే ఏం తెరుచుకుంటుంది? ఆ రేవు పేజీయా?"

"కాదు. మూసే తెరుచుకుంటుంది." అంటూనే బిన్సీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మూస సంగతి తెలిసినవాళ్లు చూడగానే చెయ్యి వెనక్కి తీసుకుంటారు. తెలియనివాళ్లు తమ రేవు పేజీలోనే ఉన్నామనుకుంటారు. ఒక్క మాట మార్చి, తమ పేజీలో మారిందో లేదో చూసుకుని, తృప్తిగా లేచిపోతారు. మిగిలిన అరవై మూడు కూడా మారాయని వాళ్లకెలా తెలుస్తుంది? ఊరు ముంచాలని ఎవరూ అనుకోలేదు మాషే. ఎవరికో ఒక్క రేవులో, ఒక్క గీత ఎక్కువ కావాల్సి వచ్చింది."

ఆవిడ లేచి మూలనున్న బోర్డు దగ్గరికి నడిచింది.

"ఇందాక ఊళ్లో ఎవరిని కదిపినా అన్న మాట ఒకటే. అన్ని పేజీలూ ఎవరు మార్చారని. ఒక్క మనిషి మాత్రం, ఒక పేజీ మారిస్తే అన్నీ ఎలా మారాయని అడిగాడు. ఒక పేజీ అని అతనికి ఎవరు చెప్పారు?"

ఆవిడ బోర్డు మీది గుడ్డ తీసింది. "ఈ బోర్డు మూరెడు లోతు నీళ్లలో మునిగింది. దీని మీది కాగితం మాత్రం తడవలేదు. వరద తీశాక అంటించారు. ఎందుకంత తొందర?"

తడిగుడ్డతో అంచులు రుద్ది తెల్ల కాగితం మెల్లగా లాగింది. కింద ఇంకో కాగితం బయటపడింది, బురద రంగులో. కురుప్ వంగి గట్టిగా చదివాడు. "రేవు రాతి మీద మూడో గీత మునిగితే ఇల్లు వదలండి. ప్రింటు తీసినది మంగళవారం, రెండూ ముప్ఫై ఒకటి."

"అప్పటికి మారిందని ఎవరికీ తెలియదు. ఈ కాగితం కావలసింది దాన్ని మార్చిన మనిషికే," అంది అన్నకుట్టి. "చెప్పండి భార్గవన్."

భార్గవన్ ఎవరి వంకా చూడలేదు.

"రెండో గీతకే ఆడవాళ్లూ పిల్లలూ వెళ్లిపోతే మగాళ్లు గట్టు మీద నిలుస్తారా? పది రోజుల్లో కోత. మా గట్టు ఎత్తు. మూడో గీత దాకా ఏమీ కాదని నాకు తెలుసు. కాలేదు కూడా. మా రేవులో ఒక్కరికి కూడా దెబ్బ తగల్లేదు." ఆయన మాష్ వైపు తిరిగాడు. "ఒక్క నా పేజీనే మార్చాననుకున్నాను మాషే. గురువారం తెలిసింది. నోరు పెగల్లేదు."

"మూడు రోజులు!" బిన్సీ అరిచింది. "మూడు రోజులుగా నేను ఎలా ఉన్నానో మీరు చూస్తూనే ఉన్నారు కదా చేట్టా!"

ఆయన తలాడించాడు. "బుధవారం సాయంత్రం తంకమణి ఫోన్ చేసింది. అన్నా, రెండో గీత మునిగింది, మీ ఇంటికి వచ్చేయనా అని. నేను గట్టు మీద హడావిడిలో ఉన్నాను. పేజీలో ఏముంటే అది చెయ్యి, నన్ను విసిగించకు అన్నాను."

వరీద్ మాష్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. కాసేపటికి లేచి బిన్సీ దగ్గరికి వెళ్లి, "తాళం వెయ్యి మోళే," అన్నాడు. "నువ్వు చెప్పినప్పుడే వేయనివ్వాల్సింది." బిన్సీ కంప్యూటర్ ముందు కూర్చుంది. మూస తెరిచి తాళం వేసింది.

రేవులో ఎస్సై బోటు ఆగిన చప్పుడైంది. అదే నిమిషంలో భార్గవన్ చేతిలో ఫోను మోగింది. ఈసారి ఆస్పత్రి నంబరే. ఆయన దాన్ని చూస్తూ ఉండిపోయాడు, ఎత్తలేకపోయాడు. చివరికి కురుప్ అందుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. వింటుంటే ఆయన కళ్లు నిండాయి.

"తెలివొచ్చిందట!" అన్నాడు.

బిన్సీ బల్ల మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. భార్గవన్ రెండు చేతులూ జోడించాడు. "ఏమైనా మాట్లాడిందా సారూ?"

కురుప్ అన్నకుట్టి వైపు చూశాడు. చెప్పమన్నట్టు ఆవిడ తలూపింది.

"అన్న కంగారు పడుతుంటాడు, ముందు ఆయనకి చెప్పండి అందట. ఆయన చెప్పినట్టే పేజీ చూసుకుంటూ కూర్చున్నానని చెప్పమందట."

భార్గవన్ లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు కూడా వేసుకోకుండా, బురదలో ఎస్సైకి ఎదురు నడిచాడు.