మాటల్లేని పాటలో ఒక్క మాట

ఆర్గన్ వాయించే క్లీ బినియన్ శవం రికార్డింగ్ స్టూడియో సోఫా మీద దొరికింది. టైము సాయంత్రం అయిదు.

పోలీసులు వచ్చారు. ఒకడు వంగి మొహం చూశాడు. ఇంకొకడు శవం కనురెప్పలు ఎత్తి చూశాడు. తాగి చచ్చాడని రిపోర్టు రాసేశారు. నల్లవాడి చావుకి మెంఫిస్ పోలీసులు అంతకంటే సిరా ఖర్చు చెయ్యరు. అప్పుడు 1964 జూన్.

ఆ సంగతి ఎజ్రా విట్లో అనే మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. అతను కూడా ఆ డిపార్ట్‌మెంట్‌లో చాలాకాలం యూనిఫాం తొడిగినవాడే. తెల్లవాడు కళ్ళెదుట దొంగతనం చేస్తున్నా అరెస్టు చేసే అధికారం లేని నల్ల పోలీసు. ఒకరోజు ఆ బ్యాడ్జి బల్లమీద పడేసి వచ్చాడు. ఇప్పుడు మంగలి షాపు మేడ మీద ప్రైవేట్ డిటెక్టివ్.

ఆగస్టులో క్లీ తల్లి ఆ మెట్లెక్కి వచ్చింది. పేరు వెర్నెల్.

"మావాడు చుక్క ముట్టడు, ఎజ్రా బాబూ. వాడికి షుగరు. రోజూ ఇన్సులిన్ నేనే పొడిచేదాన్ని. వేళకి తినకపోతే తాగినవాడిలా తూలేవాడు. ఇంత పంచదార నోట్లో వేస్తే లేచి కూచునేవాడు."

"స్టూడియోవాళ్ళు ఏమన్నారమ్మా?"

"అందరూ భోజనానికెళ్ళాక పోయాడన్నారు. దగ్గర ఎవరూ లేరన్నారు." ఆమె చేతిసంచి గట్టిగా పట్టుకుంది. "నా బిడ్డ దిక్కులేకుండా పోయాడా? లేక ఎవరైనా చూస్తుండగా పోయాడా? అదొక్కటీ కనుక్కో నాయనా. నాకు నిద్ర పట్టట్లేదు."

మర్నాడు పొద్దున్నే ఎజ్రా స్టూడియోకి వెళ్ళాడు. అది రైలు పట్టాల పక్కన పాత లాండ్రీలో ఉంది. యజమాని హార్లన్ డ్రూ. తెల్లవాడు, ముప్ఫై దాటలేదు. ఎజ్రాకి యాభై.

"ఏరా ఎజ్రా, ఇంకా ఆ గొడవేనా?" అన్నాడు డ్రూ నవ్వుతూ.

ఆ పిలుపు ఎజ్రాకి అలవాటే. అలవాటైనా కంపు కంపే.

"రికార్డింగ్ ఎన్నింటికి అయింది, మిస్టర్ డ్రూ?"

"రెండింటికి."

"తరవాత?"

"అందరం భోజనానికెళ్ళాం. క్లీ ఉండిపోయాడు."

"అప్పటికి ఎలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడు. అయిదింటికి వచ్చేసరికి పోయాడు."

గిటార్ వాయించే టాలీని అడిగాడు. తెల్ల కుర్రాడు. బాగానే ఉన్నాడు, అయిదింటికి వచ్చేసరికి పోయాడు అన్నాడు. డ్రమ్స్ వాయించే లెమ్ పూల్‌ని అడిగాడు. లెమ్ నల్లవాడు, క్లీకి చిన్ననాటి స్నేహితుడు, పెద్ద బొంగురు గొంతు. వాడూ నేల చూస్తూ అవే మాటలు అప్పజెప్పాడు. అక్షరం పొల్లుపోలేదు.

నిజం ముగ్గురి నోట్లో మూడు రకాలుగా వస్తుంది. ఒకేలా వచ్చిందంటే ఎవడో నేర్పాడు.

మధ్యాహ్నం పంది మాంసం శాండ్‌విచ్ కోసం ఎప్పుడూ వెళ్ళే హోటల్లో కూచున్నాడు. నాణెం వేస్తే పాడే జూక్‌బాక్స్ మోగుతోంది. క్లీ వాయించిన పాటే. ఊరంతా ఆ వేసవి అదే పాట. పాడేవాడు లేడు, మాటలు లేవు. ఆర్గన్, గిటార్, డ్రమ్స్, అంతే. పాట పొడుగైతే ఒకవైపు పార్ట్ వన్, రెండోవైపు పార్ట్ టూ అని అచ్చేస్తారు. కుర్రకారు ఇప్పుడు రెండో వైపే వేస్తున్నారు.

ఉన్నట్టుండి రికార్డులోంచి ఒక అరుపు. "లెయ్యి!"

హోటల్లో ఉన్న కుర్రాళ్ళంతా "లెయ్యి!" అని అరిచి గంతులేశారు. రికార్డు పేరే అది.

"ఎవరే ఆ అరిచేది?" అని వడ్డించే పిల్లని అడిగాడు ఎజ్రా.

"ఎవరైతేనేం, బాబాయ్? డ్యాన్స్ చెయ్యమని మనకే చెప్తున్నాడు. నువ్వూ లే!"

ఎజ్రా లేచాడు. డ్యాన్స్‌కి కాదు. జూక్‌బాక్స్‌కి చెవి ఆనించి మళ్ళీ విన్నాడు. ఇంకోసారి విన్నాడు. ఆ గొంతు బొంగురుగా ఉంది. పొద్దున్నే విన్న గొంతు. సగం తిన్న శాండ్‌విచ్ పళ్ళెంలోనే వదిలేసి వచ్చేశాడు.

మర్నాడు పదకొండింటికి అందరూ స్టూడియోలో ఉన్నారు. డ్రూ, టాలీ, డ్రమ్స్ వెనక స్టూలు మీద లెమ్. వెర్నెల్ కుర్చీలో నిటారుగా కూచుంది. ఎజ్రా రికార్డు రెండో వైపు పెట్టాడు.

"ఆర్గన్ వినండి. మొదటి వైపంతా చేతులు పరుగులు పెడతాయి. రెండో వైపు కాసేపటికే ఒక్కచోట ఆగిపోతుంది. చివరిదాకా అదే మోత. పియానో అయితే మోత చచ్చిపోయేది. ఆర్గన్ మీటల మీద బరువు పడితే, తీసేదాకా మోగుతూనే ఉంటుంది."

"అది స్టైలు," అన్నాడు డ్రూ.

"కాదు, మిస్టర్ డ్రూ. అది మోచెయ్యి. రెండింటిదాకా తిండి లేక క్లీ ఆర్గన్ మీద బోర్లా పడిపోయాడు."

అప్పుడే రికార్డులోంచి అరుపు వచ్చింది. లెయ్యి!

"పాడేవాడే లేని పాటలో ఈ గొంతు ఎవరిది? ఎవరిని లెమ్మంటోంది? ఊళ్ళో జనమంతా తమకే అనుకుని గంతులేస్తున్నారు. లెమ్, ఎవర్ని పిలిచావు?"

"క్లీని," అన్నాడు లెమ్.

వెర్నెల్ కళ్ళు మూసుకుంది.

"అరుపు తరవాత డ్రమ్స్ ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలయ్యాయి. గిటార్ మాత్రం ఆగలేదు. ఎందుకు, టాలీ?"

"ఎర్ర లైటు వెలుగుతోంది," అన్నాడు టాలీ. "లైటు ఆరేదాకా వాయించడం ఆపకూడదు. అది డ్రూ రూలు."

"ఆ లైటు స్విచ్ ఎవరి చేతిలో ఉంది?"

అందరూ అద్దాల గది వైపు చూశారు. డ్రూ కూచునే చోటు అది. అక్కడినుంచి ఆర్గన్ ఎదురుగా కనిపిస్తుంది.

"తాగాడనుకున్నాను," అన్నాడు డ్రూ. "టేపు బాగా వస్తోంది, ఎందుకు పాడుచేసుకోవాలి? తరవాత ఎత్తి సోఫా మీద పడుకోబెట్టాం. నిద్రపోతే దిగుతుందనుకున్నాం."

"పడుకోబెట్టి తిండికెళ్ళారు. మూడు గంటలు. వీధి తలుపు దగ్గర కూల్‌డ్రింకుల మెషీన్ ఉంది. ఒక్క సీసా పట్టించినా ఆ కుర్రాడు బతికేవాడు. చచ్చాక రెండో వైపుకి వెయ్యడానికి పాట లేదు, వాయించడానికి మనిషి లేడు. అందుకని మిగిలిన టేపే అచ్చేసి అమ్మారు. మీ లోభమే మిమ్మల్ని పట్టించింది, మిస్టర్ డ్రూ. వాడి చావు నాణెం వేస్తే మోగుతోంది."

డ్రూ నవ్వాడు. నిజంగానే నవ్వాడు. "ఏ కోర్టుకి పోతావురా? ఏ జ్యూరీ వింటుంది నీ మాట?"

ఎజ్రా రికార్డు ఆపాడు. వాడన్నది నిజం.

వెర్నెల్ లేచి నిలబడింది. "కోర్టు సంగతి నాకు తెలీదు. ఆదివారం మా చర్చిలో ఈ రెండో వైపు వేయిస్తాను. పై ఆదివారం ఇంకో చర్చిలో. ఆ అరుపు ఎవరి కోసమో తెలిశాక ఎవరు గంతులేస్తారో చూస్తాను."

డ్రూ మొహంలో నవ్వు పోయింది. మనిషి చచ్చినప్పుడు పోని నవ్వు రికార్డు చస్తుందంటే పోయింది. ఎజ్రా మొహం తిప్పేసుకున్నాడు.

ఆమె డ్రమ్స్ దగ్గరకి వెళ్ళింది. "నా ఇంట్లో తిని పెరిగినవాడివి, లెమ్. వాడికి షుగరని నీకు తెలుసు."

"తెలుసమ్మా."

"పిలిచావు. అదైనా చేశావు. వాడు లేవకపోతే నువ్వెందుకు లేవలేదురా?"

"లైటు వెలుగుతోందమ్మా."

ఆమె మెల్లగా చెయ్యి చాపింది. "సరే. ఇప్పుడు రా. ఆదివారం నా పక్కన నిలబడి ఆ గొంతు నాదని చెప్పు. లేకపోతే పిచ్చి ముసలిది ఏదో వాగుతోందంటారు. నువ్వు చెప్తే నమ్ముతారు."

డ్రూ సిగరెట్ వెలిగించుకున్నాడు.

"లెమ్," అన్నాడు తాపీగా. "రేపు పదింటికి రికార్డింగ్. గుర్తుందిగా?"

లెమ్ ఆమె చేతిని చూశాడు. డ్రూని చూశాడు. డ్రమ్స్ కర్రలు ఒళ్ళో పెట్టుకుని తల దించుకున్నాడు.

వెర్నెల్ చెయ్యి అలాగే చాపి ఉంది. లెమ్ లేవలేదు.