పసుపు గోడ నెత్తిన గడియారం

"అమ్మమ్మా, ఇంకో దుప్పటి!" మేడ మీంచి అరిచింది గవ్వ.

"ఉన్నవన్నీ పట్టుకుపోయావుగా! రాత్రికి నేను న్యూస్‌పేపర్ కప్పుకుని పడుకోవాలా?" వంటింట్లోంచి అంది అమ్మమ్మ. "అయినా అన్ని దుప్పట్లు ఎందుకే నీకు?"

"ఎండలో వేస్తున్నా!"

ఎండలో వేస్తున్న మాట నిజమే. ఎందుకు వేస్తోందో మాత్రం చెప్పలేదు.

గవ్వ అసలు పేరు అది కాదు. ఎప్పుడు చూసినా జేబులో గవ్వలు గలగలలాడుతుంటే వీధివాళ్ళు పెట్టిన పేరు. ఈ రోజు పక్క నగరంలోని స్కూలు పిల్లలు వాళ్ళ ఊరు చూడ్డానికి వస్తున్నారు. తీసుకొచ్చేది గవ్వ వాళ్ళమ్మే. ఆవిడ బోటు నడుపుతుంది.

"మన ఊరిని నీకంటే బాగా ఎవరు చూపిస్తారు? ఆ పని నీదే," అంది గవ్వ వాళ్ళ టీచర్. అప్పట్నుంచీ గవ్వ కాళ్ళు నేల మీద నిలవడం లేదు.

ఏమేం చూపించాలో అన్నీ అనుకుంది. సగం జుట్టు కత్తిరించి, మిగతా సగం వదిలేసి, సముద్రం చూడ్డానికి బయటికొచ్చే మంగలి మామయ్య. పోస్టాఫీసు కౌంటర్ మీద నిద్రపోయే పిల్లి. దాన్ని ఎవరూ లేపరు, స్టాంపులు పక్క కిటికీ దగ్గర కొనుక్కుంటారు. కొత్త చెక్క వాసన వేసే పడవల షెడ్డు. ఇలాంటి ఊరు ఎక్కడైనా ఉంటుందా?

అన్నీ బాగానే ఉన్నాయి. తమ ఇంటి గోడే బాగాలేదు!

ఊళ్ళో ఇళ్ళన్నీ తెల్లగా ఉంటాయి. గవ్వ వాళ్ళ ఇంటికి మాత్రం సముద్రం వైపు గోడ పసుపు. అదీ వెలిసిపోయి, పెచ్చులూడి ఉంది. బోటు దిగగానే ముందు కనబడేది అదే.

"మనమూ తెల్ల రంగు వేయిద్దాం," అని మొన్న అడిగితే, "మీ అమ్మ ఒప్పుకోదే. ఎందుకంటే..." అని అమ్మమ్మ మొదలుపెట్టింది. మిగతాది వినడానికి గవ్వ అక్కడ ఉంటేగా!

అందుకే ఇప్పుడు మేడ అంచు మీంచి తెల్ల దుప్పట్లన్నీ కిందికి వేలాడదీసి, పైన ఇటుకలు పెట్టింది. గోడ మొత్తం దాగిపోయింది. చూసుకుని మురిసిపోయింది.

అంతలో దూరంగా బోటు కనబడింది. దగ్గరికొచ్చింది. ఒడ్డుకు కాస్త ముందర నెమ్మదించింది. ఆగింది. మళ్ళీ వెనక్కి తిరిగింది.

"అమ్మమ్మా! అమ్మ వెళ్ళిపోతోంది!"

అమ్మమ్మ చేతులు తుడుచుకుంటూ మేడెక్కింది. దుప్పట్లు చూసి నుదురు కొట్టుకుంది.

"అయ్యో నా తల్లీ, గోడ కప్పేశావా! అక్కడ నీళ్ళ కింద అన్నీ రాళ్ళే. మధ్యలో దారి ఇంతే ఉంది. మన పసుపు గోడ నెత్తిన ఆ వెనక కొండ మీది గడియారం కూర్చున్నట్టు కనబడితేనే దారి సరిగ్గా ఉన్నట్టు. అంత మంది పిల్లల్ని పెట్టుకుని మీ అమ్మ గుడ్డిగా వస్తుందా?"

గవ్వ బోటు వైపు చూసింది. బోటులో వెళ్ళినప్పుడల్లా వెనక కూర్చుని నురగ చూడడమే గానీ, అమ్మ ఎటు చూస్తోందో ఎప్పుడూ చూడలేదు.

"ఆటు కూడా మొదలైంది, నీళ్ళు తగ్గిపోతున్నాయి. ఇంకాస్త ఆలస్యమైతే ఈ రోజుకి బోటు రాదు. పాపం, ఆ పిల్లలు ఊరు చూడకుండానే వెళ్ళిపోవాలి," అంది అమ్మమ్మ.

గవ్వ ఒక్క ఉరుకు ఉరికింది. ఇటుకలు తీసి దుప్పట్లు లాగింది. కొన్ని లోపల పడ్డాయి, కొన్ని వీధిలో పడ్డాయి. ఒకటి సముద్రం చూస్తున్న మంగలి మామయ్య నెత్తిన పడింది. ఆయన కేకలు వినే తీరిక ఎవరికి ఉంది?

గోడ బయటపడింది. బోటు మెల్లగా ఇటు తిరిగింది. గీత గీసినట్టు తిన్నగా వచ్చి రాళ్ళు దాటింది. దాటగానే ఒకసారి హారన్ కొట్టింది.

"రోజూ కొడుతుందిగా," అంది గవ్వ, ఊపిరి పీల్చుకుంటూ. "నిన్ను వంట మొదలుపెట్టమనేగా?"

"నాకెందుకు కొడుతుందే! గోడకి. దారి చూపించినందుకు."

గవ్వ రేవుకు పరిగెత్తింది. అమ్మ బోటు కట్టేసి దిగింది.

"గోడకి ఏమైందే?"

గాలికి దుప్పటి ఎగిరిందని చెప్పొచ్చు. నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"నేనే కప్పేశానమ్మా. పెచ్చులూడింది కదా, వాళ్ళు చూస్తారని సిగ్గేసింది."

అమ్మ తన చొక్కా చూసుకుంది. "దీని నిండా గ్రీజు మరకలే. రేపు నన్ను కూడా దుప్పటి కప్పి దాచేస్తావా?"

పిల్లలందరూ గొల్లున నవ్వారు. గవ్వ కూడా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ముందు ఎక్కడికి వెళ్దాం?" అడిగింది టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి.

గవ్వ అనుకున్న వరసలో ముందుంది మంగలి మామయ్య. కానీ ఆయన ఇంకా దుప్పటిలోంచి పూర్తిగా బయటపడలేదు.

"ముందు మా గోడ చూద్దురు గాని, రండి," అంది.

టోపీ అమ్మాయి గోడ మీద చెయ్యి వేసింది. అరచేతికి పసుపు పొడి అంటుకుంది. "దీన్ని చూసుకునే మేం వచ్చామా?"

"అవును. ఆ గడియారం, ఈ గోడ, మా అమ్మ. ముగ్గురూ కలిస్తేనే మా ఊరికి రాగలరు," అంది గవ్వ.

ఆ తర్వాత పిల్లిని చూశారు, పడవల షెడ్డు చూశారు. సాయంత్రం నీళ్ళు మళ్ళీ పెరిగాక బోటు బయల్దేరింది. టాటా చెప్పడానికి టీచర్ రేవులో నిలబడింది గానీ, పక్కన గవ్వ లేదు.

గవ్వ నిచ్చెన మీద ఉంది. కింద అమ్మమ్మ నిచ్చెన పట్టుకుంది. బకెట్ నిండా పసుపు రంగు.

బోటు రాళ్ళు దాటింది. హారన్ మోగింది. ఆగి, ఇంకోసారి మోగింది.

"ఒకటి గోడకి," అంది అమ్మమ్మ.

రెండోది ఎవరికో గవ్వ అడగలేదు. రంగు మోచేతి దాకా కారుతుంటే, కుంచె ఎత్తి ఊపింది.