ఉడుకు ఊటలో కుక్క పుర్రె

అసురసంధ్య... పడమటి ఆకాశం గడ్డకట్టిన రక్తంలా ఉంది. మంచు బరువుకు వంగిన దేవదారుల్లో గుడ్లగూబ ఘూత్కారం... కొండ వెనక ఉరుము! మా కుమొసావా ఊళ్లో మంచు కురుస్తుండగా ఉరిమిందంటే మగధీరులంతా దుప్పట్లో దూరతారు. నేను అందరికంటే ముందు దూరతాను.

ఆ సంధ్యవేళ ఊరి ఉడుకునీళ్ల మడుగులో ఎవరూ దిగరు. పగలంతా మనుషులు, మసక పడితే ఊట తల్లి. తాతల నాటి కట్టడి అది.

దాన్ని కాలరాయడానికి వచ్చాడు గెంసై! బతికున్న కుక్కను మెడదాకా పాతిపెట్టి, ఆకలితో మాడ్చి, తల నరికి ఆ పుర్రెను వశం చేసుకున్న క్షుద్రోపాసకుడు... ఆ కుక్క ప్రేతాన్ని నుయి అనే పిల్ల మీదికి ఉసిగొలిపాడు. ఇప్పుడా పిల్ల నాలుగు కాళ్ల మీద పాకుతూ, చేపముళ్లు కొరుకుతూ, కన్నతల్లిని చూసి గుర్రుమంటోంది.

ఆ తల్లి తొమె. మడుగును కనిపెట్టుకుని ఉండేది ఆమే. ఆమె నోరంటే ఊరంతా హడలు. ఒళ్లు కడుక్కోకుండా నీళ్లలో కాలుపెట్టినవాడు ఊరిపెద్దయినా సరే, నెత్తిన బక్కెటెడు నీళ్లు కుమ్మరించేది. పొలం నుంచి వచ్చే మొసుకెకైతే రోజూ ఇదే మర్యాద.

"ఏం మొసుకె బావా, ఒంటినిండా మట్టి... ముల్లంగి వేశావా?"

"కుమ్మరించవే తొమే. మా ఆవిడ ఇంత శ్రద్ధగా ఎన్నడూ కడగలేదు."

అంతటి తొమె, గెంసై ముందు మాత్రం తల వంచుకుని నిలబడింది.

"పుర్రెతో మెడదాకా దిగి మంత్రం ముగిస్తాను," అన్నాడు వాడు. "ఊట తల్లి నాకు దాసి అవుతుంది. అప్పుడు నీ కూతుర్లోంచి కుక్కను వెనక్కి పిలుస్తాను. నా గొంతు తప్ప అది ఎవరి మాటా వినదు. అడ్డు తగిలావో, నీ పిల్ల చచ్చేదాకా ఇంతే."

"నీళ్లు ఏమైపోతే నాకేం," అంది తొమె. "నా పిల్లని నాకియ్యి."

గెంసై వస్త్రాలు విడిచాడు. నఖశిఖపర్యంతం మసితో రాసుకున్న రక్షాక్షరాలు... చేతిలో పళ్లు ఇకిలిస్తున్న కుక్క పుర్రె... గంధకపు పొగల మధ్య వికృత మంత్రోచ్చారణ! స్తంభానికి కట్టిన నుయి మూలుగుతోంది. మెరుపు మెరిసింది. వాడు మడుగులోకి కాలు చాపాడు.

"ఒళ్లు కడుక్కోకుండా దిగుతావేంట్రా, సిగ్గులేనోడా?"

బక్కెటెడు నీళ్లు వాడి నెత్తిన పడ్డాయి. తన చెయ్యి ఏం చేసిందో తొమెకి అప్పటికి గానీ తెలియలేదు. జన్మంతా చేసిన పని... చేతికి భయం తెలియదు కదా.

మసి అక్షరాలు నల్లటి చారలై కారిపోయాయి.

"ఏం చేశావే... నీ పిల్లని నువ్వే..."

మాట పూర్తి కాలేదు. మడుగు భగ్గున మరిగింది. ఆవిరి జడలు జడలుగా లేచి వాడి మెడకు చుట్టుకుంది! పుర్రె ఫెళ్లున పగిలింది... వాడి ఆర్తనాదానికి కొండ మీది మంచు జారిందట. కొట్టం వెనక నక్కి చూసిన మొసుకె చెప్పాడు. వాడు గోరంతను కొండంత చేసే రకం. నేను సగం కోసేసే రాస్తున్నాను.

కానీ తర్వాత జరిగింది కోయలేను. తొమె ఆ సలసల కాగే నీళ్లలోకే దూకింది. గెంసైని చంకల కింద పట్టుకుని పైకి లాగింది.

"అమ్మా, ఇప్పుడే తీసుకుపోకు... ఒక్కసారి వీణ్ణి ఆ కుక్కను పిలవనీ. ఒక్క పిలుపు. ఆ తర్వాత నీ ఇష్టం..."

ఊట తల్లి ఆగలేదు. తొమె చేతుల్లో ఉడికిన జుట్టు మాత్రం మిగిలింది.

నీళ్లు తేటపడ్డాయి. నుయి కట్లు తెంపుకుని గట్టు మీదికి వచ్చింది. మెడ చాపి, పొగలో వాసన పట్టింది. ఇటు వెతికింది... అటు వెతికింది... గెంసై మునిగినచోట ముందరి చేతులు ఆనించి కూర్చుని, యజమాని కోసం మోర ఎత్తి ఊళపెట్టింది.

"నుయీ," పిలిచింది తొమె, బొబ్బలెక్కిన చేతులు చాపి. "నుయీ... తల్లీ..."

కుక్క తల తిప్పలేదు.