అడవికి పనికిరాని ఎర్ర మేజోళ్ళు

"ఎలా ఉంది?" అంటూ థియో వేట బట్టల కొట్లో అద్దం ముందు గిర్రున తిరిగాడు. మెడ నుంచి మడమల దాకా పచ్చటి ఆకుల బొమ్మలే.

లెటీ నవ్వు ఆపుకుందామని చూసింది కానీ ఆగలేదు. "బాగుంది. జూన్‌లో అయితే ఇంకా బాగుంటుంది."

"అడవి పచ్చగానే ఉంటుందిగా?"

"ఓసారి కిటికీలోంచి కొండ వంక చూడండి మాస్టారూ. ఎక్కడుంది పచ్చ?"

థియో చూశాడు. ఈ ఏడు మా మిస్సోరీ కొండలకు చలి ఒక పట్టాన వదల్లేదు. ఏప్రిల్ సగం దాటినా ఓక్ చెట్లు చిగురు తొడగలేదు. నేలంతా నిరుటి ఎండుటాకులే.

"టర్కీ కోడిపుంజుకి మనకంటే చురుకైన కళ్ళు. రంగులన్నీ కనిపెట్టేస్తుంది. బోడి అడవిలో పచ్చటి పొద ఒకటి కూర్చుని తుమ్మితే ఏమనుకుంటుంది?"

"నేను తుమ్మను."

"పోయినసారి వచ్చినవాడూ అదే అన్నాడు."

"ఆ తుమ్మినవాడు బట్టలు నా దగ్గరే కొన్నాడు బంగారం," అంది కౌంటర్ వెనక నుంచి కొట్టు యజమానురాలు వెర్నా. "పాపం, టోపీ మాత్రం భలే నప్పింది."

అర్విల్ బ్రాస్‌ఫీల్డ్ పద్ధతి మా ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఆయన కూతురు లెటీతో పెళ్ళి గురించి మాట్లాడాలంటే, ఎంతటివాడైనా ముందు ఏటా వసంతంలో టర్కీ వేట మొదలయ్యే రోజు పొద్దున ఆయన పక్కన చెట్టుకు వీపు ఆనించి కూర్చోవాలి. కదలకూడదు, మాట్లాడకూడదు. ఒకడు తుమ్మాడు. ఇంకొకడు చిప్స్ పొట్లం విప్పాడు. ఇద్దరినీ ఆయన మర్యాదగా కారు దాకా సాగనంపాడు. మళ్ళీ రమ్మని మాత్రం అనలేదు.

ఇప్పుడు థియో వంతు. మిన్నెసోటా నుంచి వచ్చి మా హైస్కూల్లో బ్యాండ్ నేర్పుతున్నాడు. జన్మలో తుపాకీ ముట్టుకున్నవాడు కాడు. "తుపాకీ నేను పట్టుకుంటా. నువ్వు నోరు పట్టుకో," అన్నాడట అర్విల్.

లెటీ పచ్చ చొక్కా లాక్కుని, బూడిద రంగు మీద చెట్టు బెరడు గీతలున్న జత అందించింది. చేతి తొడుగులు పెట్టింది. ముఖానికి వల ముసుగు తనే కట్టింది. ముడి వెయ్యడానికి అంతసేపు పట్టదని వెర్నాకు తెలుసు, కొట్లో ఓ మూల నిలబడి చూస్తున్న నాకూ తెలుసు.

"ఇప్పుడు నువ్వు నాకే కనబడ్డం లేదు," అంది.

"నాకు నువ్వు కనబడుతున్నావుగా."

వెర్నా గట్టిగా దగ్గింది.

లెటీ చటుక్కున వెనక్కి జరిగి, గొంతు మార్చింది. "ఇంకొక్కటి. ఎరుపు, తెలుపు, నీలం, ఈ మూడు రంగులూ ఒంటి మీద ఎక్కడా ఉండకూడదు. పుంజు తల రంగులవే. దూరం నుంచి ఇంకో వేటగాడు చూశాడనుకో, నిన్నే పుంజనుకుని కాలుస్తాడు. నవ్వకు థియో. ప్రాణాలు పోయే మాట ఇది."

బయట ఆమె ట్రక్కు దగ్గర చినుకులు మొదలయ్యాయి. ఇద్దరికీ కదలబుద్ధి కాలేదు.

"మీ నాన్నగారు కాదంటే?" అన్నాడు థియో.

"అప్పుడూ నీతోనే వస్తా. కానీ అమ్మ పోయాక డాడీకి నేను, నాకు డాడీ. ఆయన్ని బాధపెట్టి వస్తే సగం మనసు ఇక్కడే ఉండిపోతుంది. నీకు సగం చాలా?"

"చాలదు," అన్నాడు థియో. ఆ రాత్రి అతనికి సరిగ్గా నిద్ర పట్టలేదు.

మర్నాడే వేట మొదలయ్యే రోజు; ఇంకా చీకటి ఉండగానే తయారయ్యాడు. అన్నీ లెటీ చెప్పినట్టే వేసుకున్నాడు, మేజోళ్ళు తప్ప. కొట్లో కొన్న గోధుమరంగు జత పక్కన పెట్టి, క్రిస్మస్‌కి లెటీ అల్లి ఇచ్చిన ఎర్ర ఉన్ని మేజోళ్ళు తొడుక్కున్నాడు. గుండె దడగా ఉన్నప్పుడల్లా అతనికి అవే ధైర్యం. బ్యాండ్ పోటీకీ అవే వేసుకెళ్ళాడు. బూట్లలో ఉండేవి ఎవరికి కనబడతాయిలే అనుకున్నాడు.

తెల్లవారేసరికి ఇద్దరూ పెద్ద ఓక్ చెట్టుకు ఆనుకుని కూర్చున్నారు. పుంజును రప్పించడానికి అర్విల్ చేతిలోని చిన్న చెక్కపెట్టెను గీకుతూ పెట్ట కూత పుట్టిస్తున్నాడు. వాగు అవతల నుంచి పుంజు బదులు పలికింది. దాని కూత ప్రసంగమంత పొడుగని అర్విల్ దానికి 'పాస్టరుగారు' అని పేరు పెట్టాడు. రెండేళ్ళుగా ఆయన్ని ఏడిపిస్తున్న పుంజు అది.

థియో తుమ్మలేదు. కాలు తిమ్మిరెక్కితే మాత్రం మోకాలు రవ్వంత మడిచాడు. ప్యాంటు అంచు పైకి జరిగి, బూటు పైన ఎరుపు బయటపడింది.

పాస్టరుగారు తోక విప్పి పొదల్లోంచి బయటికొచ్చారు. అర్విల్ తుపాకీ ఎత్తాడు. సరిగ్గా అప్పుడే కుడివైపు పొదల వెనక ఇంకెవరో మనిషి పాకుతూ రావడం ఆయన కంట పడింది. పెట్ట కూత విని వస్తున్నాడు. ఆయన చూపు చప్పున పక్కకి, థియో కాలి మీదకి తిరిగింది.

"ఆగు! మనుషులున్నారిక్కడ! కాల్చకు!"

కొండంతా మారుమోగింది. పాస్టరుగారు రెక్కలు టపటపలాడిస్తూ వాగు దాటి వెళ్ళిపోయారు. పొదల్లోని మనిషి చేతులెత్తి లేచి, పదే పదే క్షమాపణ చెప్పి వెళ్ళిపోయాడు.

అర్విల్ థియో కాలి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఆ ఎర్ర ఉన్ని వేళ్ళతో పట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"సారీ సర్. లెటీ చెప్పింది. తప్పు నాదే."

"విప్పు," అన్నాడు అర్విల్. అంతే. మేజోళ్ళు తన కోటు జేబులో కుక్కుకుని ముందు నడిచాడు. వట్టి కాళ్ళకు బూట్లు రాసుకుంటుంటే వెనకే నడిచాడు థియో. అంతా అయిపోయిందనుకున్నాడు. లెటీకి ఏ ముఖంతో చెప్పాలో తెలియలేదు.

వరండాలో లెటీ, మేం బిస్కట్లని పిలిచే మెత్తటి రొట్టెలూ గ్రేవీ పెట్టుకుని ఎదురుచూస్తోంది. తండ్రి జేబులోంచి తొంగిచూస్తున్న ఎరుపు చూడగానే ముఖం పాలిపోయింది. తర్వాత కోపం ముంచుకొచ్చింది.

"చెప్పానా లేదా! ఒక్క మాట వింటే నీ సొమ్మేం పోయింది? నీకేమన్నా అయితే నేనేం కావాలి?" అంది. కళ్ళనిండా నీళ్ళు.

"అరవకమ్మా," అన్నాడు అర్విల్. మేజోళ్ళు తీసి మోకాలి మీద పరిచాడు. "ఇది మీ అమ్మ సగంలో ఆపేసిన స్వెటర్ ఉన్ని కదూ?"

లెటీ తల దించుకుంది.

"పదేళ్ళు ట్రంకుపెట్టెలో దాచావు. నన్ను కూడా ముట్టుకోనివ్వలేదు. అది విప్పి ఇతని కాళ్ళకి అల్లావా?"

"చలికి వణికిపోతున్నాడు డాడీ," అంది లెటీ చిన్నగా.

థియోకి ఈ సంగతి తెలియదు. వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాడు.

అర్విల్ ముక్కు చీదుకుని మేజోళ్ళు జాగ్రత్తగా మడిచి థియో చేతిలో పెట్టాడు. "అబ్బాయ్, ఇవి అడవికి వద్దు. పెళ్ళికి వేసుకో. చర్చికి ఎవరూ తుపాకీ తీసుకురారు."