పదకొండో షీటులో లేని లోయ

గూఢచారి శాఖ చీఫ్ టేబుల్ మీద, తన ఏజెంటు ముందు, ఒక రబ్బరు పెట్టాడు. మామూలు పెన్సిల్ రబ్బరే.

"దీంతో ఒక లోయ చెరిపెయ్యాలి," అన్నాడు.

అంతకుముందు ఆ ఏజెంటుకి పిస్తోలు ఇచ్చారు, పారాచూట్ ఇచ్చారు, ఒకసారి దొంగగడ్డం కూడా ఇచ్చారు. రబ్బరు ఇవ్వడం ఇదే మొదలు.

సంగతేంటంటే, మ్యాపుల ఆఫీసులో ఒక పెద్ద అడవికి మ్యాపు తయారవుతోంది. ఆరేళ్ళ పని. నలభై రెండు షీట్లు. ఏ కొండ ఎంత ఎత్తో, ఏ వాగు ఎటు మలుపు తిరిగిందో గీతలు గీసి చూపించే మ్యాపు. గీతలు ఎడంఎడంగా ఉన్నాయనుకో, అక్కడ హాయిగా దిగిపోవచ్చు. ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటే అక్కడ నిట్టనిలువు. పదకొండో షీటులో అట్లా గీతలన్నీ ఒకచోట కుప్పపడ్డాయి. అది లోయ. లోయకి అవతల రాడార్ స్టేషన్, అందులో పనిచేసేవాళ్ళు రెండొందల మంది.

ఒక విదేశీ ముఠా ఆ స్టేషన్ని వెనకనించి పేల్చెయ్యాలని చూస్తోంది. జీపు ఉంది, మందుగుండు ఉంది. దారి తెలీదు.

"మ్యాపు మనమే ఇద్దాం. లోయ లేని మ్యాపు," అన్నాడు చీఫ్. "మిగతాది వాళ్ళే చూసుకుంటారు."

ఏజెంటు మ్యాపులు గీసే డ్రాఫ్ట్స్‌మన్ వేషంలో ఆ ఆఫీసులో చేరాడు. కళ్ళజోడు, కాస్త గూని, వేళ్ళకి సిరా. స్కేలులో కెమెరా, పెన్నులో వైర్‌లెస్. దిగడానికి ఇల్లు దొరక్క తిరుగుతుంటే సర్వేయరు పిలిచాడు. ఆ మ్యాపు కోసం ఆరేళ్ళు అడవంతా నడిచినాయన.

"మా మేడ మీద గది ఖాళీగానే ఉందిరా అబ్బాయ్. మీ పిన్ని మాట్లాడితే ఆపదు. అదొక్కటే కష్టం."

"ఈయన అసలు మాట్లాడరు నాయనా, అందుకని ఇద్దరి వంతూ నేనే మాట్లాడతాను," అంది ఆవిడ.

అట్లా పదకొండు నెలలు వాళ్ళింట్లో తిన్నాడు. బాబాయ్ అన్నాడు, పిన్నీ అన్నాడు. జ్వరమొస్తే ఆవిడ నుదుటి మీద తడిగుడ్డ వేసింది. వేషం కోసం మొదలెట్టిన పిలుపులు నోటికి అలవాటైపోయినాయి.

షీటు మీద గీతలు చెరిపి ఎడంగా గీశాడు. అది చాలదు. సర్వేయరు అడవిలో కొలతలు రాసుకున్న ఫీల్డుబుక్కులో అంకెలు దానికి సరిపోవాలి గదా. ఒక ఆదివారం పొద్దున్న వాళ్ళిద్దరూ పెళ్ళికెళ్ళినప్పుడు బల్ల సొరుగు తీశాడు. లోయ అడుగు ఎత్తు మూడొందల పన్నెండు మీటర్లని పెన్సిల్‌తో రాసుంది. మూడుని ఐదు చేశాడు. కింద "చీలిన బండ నించి నాలుగొందల ముప్పై అంగలు, అంచు" అని ఉంది. అంచు అన్నది చెరిపి, ముసలాయన చేతిరాతలోనే "వాలు మొదలు" అని రాశాడు.

కొత్త షీటుకి నకలు తీసి సిల్క్ మేడమ్‌కి ఇచ్చాడు. ఆవిడ పిట్టల ఫొటోలు తీసే మనిషిగా ఆఫీసుకి వచ్చిపోతుండేది. నల్లకళ్ళద్దాలు, మెడలో సిల్క్ గుడ్డ, గుమాస్తాలందరూ పనులు మర్చిపోయేవాళ్ళు. ముఠాకీ పనిచేస్తుంది, మన చీఫ్‌కీ పనిచేస్తుంది.

"గట్టి పెన్సిల్ ఉందా?" అంది. అది కోడ్.

"మెత్తదే ఉంది," అన్నాడు.

షీటు చుట్టి కెమెరా సంచిలో పెట్టుకుంది. "లోయని భలే మాయం చేశావు. ఎందుకా ముఖం, ఎవరో పోయినట్టు?"

ఇక్కడే ఏజెంటుకి తెలియని సంగతొకటుంది. ఆ ఆఫీసులో ఏ షీటైనా అచ్చుకి పోయేముందు, ఆ నేల నడిచినవాడి దగ్గరికి సంతకానికి వస్తుంది. పదకొండో షీటు సర్వేయరు ముందుకొచ్చింది. ఆయన చాలాసేపు చూశాడు. ఫీల్డుబుక్కు తీసి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

ఆ పూట భోజనం దగ్గర అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"నా కాళ్ళకి అక్కడ లోయ గుర్తుందిరా. పుస్తకంలో లేదు."

"అయితే పుస్తకమే తప్పేమో బాబాయ్."

"పుస్తకం తప్పవదురా. అక్కడ నిలబడి చూసి రాసింది. గుర్తున్నది నమ్మకూడదు, రాసింది నమ్మాలి. మా పనిలో మొదట నేర్పేదే అది." చెయ్యి కడిగేసుకున్నాడు. "వచ్చే నెల రిటైరవుతున్నా. నా బుర్రే ఇట్లా అయిపోతే, ఆరేళ్ళ పనిలో ఇంకెన్ని తప్పులున్నాయో. సంతకం పెట్టను. మళ్ళీ వెళ్ళి కొలిచొస్తా."

ఆరోజు పిన్ని కూడా మాట్లాడలేదు.

మూడోరోజు తెల్లవారేసరికి ఏజెంటు లోయ అంచు దగ్గర బండ వెనక ఉన్నాడు. జీపు పడిందని కబురు చెప్పడం అతని డ్యూటీ. మంచు దట్టంగా ఉంది, పదిగజాల అవతల ఏమీ కనబడదు. పెన్ను గరగరలాడింది. సిల్క్ మేడమ్.

"జీపు బయల్దేరింది. దారి చూపించడానికి, దిగబెడతామని చెప్పి మీ ముసలాయన్ని ఎక్కించుకున్నారు. కొలతకి పోతున్నాడని నేనే నోరుజారాను. ఇద్దరి దగ్గరా జీతం తీసుకునేదాన్ని, ఈ ముక్క మాత్రం ఊరికే చెప్తున్నా."

చీఫ్‌ని పిలిచి సంగతి చెప్పాడు.

"ఒక్క ముసలాయన. అవతల రెండొందల మంది. నువ్వు కదలొద్దు. ఇది ఆర్డర్."

మంచులోంచి జీపు చప్పుడు వినిపించింది, చీలిన బండ దాకా వచ్చి నెమ్మదించింది. ఆ తర్వాత గొంతు. జీపులో కూర్చుని ఏ సర్వేయరూ కొలవడు. ముసలాయన దిగి, పుస్తకం చేత్తో పట్టుకుని అంగలు లెక్కబెడుతూ నడుస్తున్నాడు. జీపు ఆయన వెనకే పాకుతోంది.

"నాలుగొందల ఐదు. నాలుగొందల ఆరు."

అరిస్తే ముఠా వెనక్కి తిరుగుతుంది, రేపు ఇంకో దారి వెతుక్కుంటుంది. అరవకపోతే ఇరవైనాలుగు అంగలు. ఏజెంటు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాలుగొందల ఇరవై దాకా అట్లాగే ఉన్నాడు. ఆ పద్నాలుగు అంగలూ తర్వాత ఎన్నేళ్ళకీ అతన్ని వదల్లేదు.

"బాబాయ్, ఆగు."

"లెక్క మధ్యలో పలకరించకురా. నాలుగొందల ఇరవైరెండు. ఇరవైమూడు."

"ఆగు బాబాయ్, ముందర లోయ ఉంది."

"పుస్తకంలో లేదు. ఇరవైఅయిదు. ఇరవైఆరు."

"మూడుని ఐదు చేసింది నేనే. అంచు చెరిపింది నేనే. నీ చేతిరాత నేర్చుకుని రాశాను. నీ లెక్క తప్పు కాదు బాబాయ్."

ముసలాయన ఆగిపోయాడు. ముందుకి వేసిన కాలు కింద గడ్డి ఉంది, గడ్డి కింద ఏమీ లేదు. మెల్లగా కాలు వెనక్కి తీసుకున్నాడు.

ఇంజను రొదలో జీపులోవాళ్ళకి మాటలు తెలియలేదు, ఎవరో అరవడమే వినబడింది. మీసాలాయన, ముఠా నాయకుడు, "పోలీసులు, పోనీ పోనీ," అన్నాడు. డ్రైవరు ఒళ్ళో పదకొండో షీటు ఉంది. అందులో ముందంతా హాయిగా దిగే వాలే. ఎందుకాగుతాడు? ముసలాయన పక్కనించి దూసుకుపోయాడు. ముందు చక్రాలు రెండూ గాల్లో తేలాయి. జీపు పొట్ట బండకి తట్టుకుని అక్కడే తక్కెడలా ఊగింది. వెనక సీటు కింద మందుగుండు.

ఏజెంటు దగ్గరికెళ్ళాడు. "కదలకండి. తుమ్మొచ్చినా తుమ్మకండి."

జీపులో నలుగురూ తుపాకులు ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి సగం సగం పీలుస్తూ, పోలీసులు తాళ్ళతో ఎక్కొచ్చేదాకా రెండు గంటలు ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నారు. మీసాలాయన కళ్ళు తిప్పడానిక్కూడా భయపడ్డాడు.

ఈలోపు ముసలాయన బండ మీద కూలబడి ఫీల్డుబుక్కు తిరగేస్తున్నాడు. ఏజెంటు ఎదురుగా నిలబడ్డాడు. గూని లేదు, కళ్ళజోడు లేదు. ఎక్కడ దాక్కోవాలో తెలీక చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

"మా ఇంట్లో తింటూ రాశావా ఇది?"

"ఊఁ."

"మీ పిన్నికి నువ్వే చెప్పుకో. నా వల్ల కాదు."

"చెప్తాను."

ముసలాయన ఇంకో పేజీ తిప్పాడు. వేలు పెట్టి ఆగాడు. ముఖంలో కాస్త ఆశ కనబడింది.

"ఇరవై ఏడో షీటులో వాగు పైకి పారుతున్నట్టుంది. నిన్ననే చూశా. అదీ నువ్వేగా?"

పదకొండు నెలలు రోజూ అబద్ధమాడిన మనిషి. ఇంకొక్కటి ఆడితే ఆయన హాయిగా నిద్రపోయేవాడు.

"కాదు బాబాయ్. అది నువ్వే."